నోరు తిరగదా? తిప్పుకోండి!



"నోరు తిరగని పేరు పెట్టి పసిపిల్లని జిందగీభర్ ఇబ్బంది పెడతారా?" అని పది రోజులుగా మా ఖాందాన్ వాట్సాప్ గ్రూపులో ఒకటే రగడ. సంగతేమిటంటే, ఐర్లండులోని కార్క్ నగరంలో నర్సుగా పనిచేస్తున్న మా ఆపా కూతురికి ఆడపిల్ల పుట్టింది. అల్‌హమ్దులిల్లాహ్, తల్లీబిడ్డా ఖైరియత్. అల్లుడు అక్కడివాడే, ఐరిష్. ఇస్లాం కబూల్ చేసి ఆరేళ్లయింది. బిడ్డకు తన తల్లి పేరు పెట్టుకుంటానన్నాడు, మా అమ్మాయి ఖుషీగా ఒప్పుకుంది. ఆ పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఎన్, ఐ, ఎ, ఎమ్, హెచ్. గుంటూరులో ఉన్న మా పెద్దలు దాన్ని కొందరు "నియామ్" అన్నారు, కొందరు "నియమహ్" అన్నారు. ఒక చిచ్చా అయితే బెంగళూరు నిమ్‌హాన్స్ ఆసుపత్రి పేరులా ఉందని మజాక్ చేశారు.

పలకాల్సింది "నీవ్". అంతే. మన తెలుగు "నీవు"లో చివరి ఉకారం తీసేస్తే వచ్చేదే. ఉర్దూలో పునాదిని నీంవ్ అంటాం కదా, దానికీ దగ్గరి పలుకే. ఇందులో తిరగని నోరు ఎవరిదో నాకర్థం కావడం లేదు. పేరు విన్నవాళ్లెవరూ గాబరా పడలేదు. గాబరా పడ్డవాళ్లంతా కాగితం మీద చూసినవాళ్లే.

అయినా సలహాలు ఆగలేదు. "జారా అని పెట్టండి, ఐరా అని పెట్టండి, ఇక్కడా చెల్లుతుంది, అక్కడా చెల్లుతుంది." ఈ మాట మీదే నా కొట్లాట. జారా మంచి పేరే, ఐరా మంచి పేరే. ఇష్టపడి పెట్టుకుంటే ముబారక్. కానీ ఈమధ్య మన ఇళ్లలో పేరు ఎంచుకునే పద్ధతి చూశారా? అర్థం ఏమిటని అడగడం వెనక్కి పోయింది. నానీ పేరా, దాదీ పేరా అనే మాట అసలే పోయింది. మొదటి సవాల్ ఒక్కటే: "ఇంగ్లీషువాళ్లు పలకగలరా?" ఇంకా పుట్టని బిడ్డకు, ఎన్నడూ చూడని ఒక ఆఫీసరు నాలుకను ఖాజీగా కూర్చోబెడుతున్నాం. ఆయన ఇజాజత్ ఇస్తేనే పేరు ఖరారు!

ముందు ఆ హెచ్ సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే ఉర్దూ చదివిన మనకంటే దీన్ని సులువుగా అర్థం చేసుకునేవాళ్లు లోకంలో తక్కువ. ఉర్దూలో "భ" రాయాలంటే ఏం చేస్తాం? బే రాసి పక్కన దోచష్మీ హే పెడతాం. అక్కడ హే తనకు తానుగా పలకదు, బే స్వభావాన్ని మారుస్తుంది. ఐరిష్‌లో హెచ్ చేసే పని అదే. బి పక్కన హెచ్ వస్తే ఎక్కువచోట్ల "వ్" అవుతుంది, ఎమ్ పక్కన వచ్చినా "వ్" అవుతుంది. పాత ఐరిష్ లిపిలో ఈ హెచ్ కూడా ఉండేది కాదు. అక్షరం నెత్తిన ఒక చుక్క పెట్టేవారు. అంటే నుక్తా! ఒక్క నుక్తా పైన ఉంటే ఖుదా, కింద ఉంటే జుదా అయ్యే లిపి చదువుకున్నవాళ్లం మనం. గత శతాబ్దం మధ్యలో పాత లిపి వదిలి మామూలు రోమన్ అచ్చుకు మారినప్పుడు ఆ చుక్క స్థానంలో హెచ్ వచ్చి కూర్చుంది. మా పెద్దల్ని భయపెట్టిన ఆ హెచ్ వెనక ఉన్నది ఒక చుక్క.

ఇంకో రెండు ఖాయిదాలు చెప్తాను, వినండి. ఎస్ పక్కన ఇ గానీ ఐ గానీ ఉంటే "ష". ఎ, ఒ, ఐ మూడూ వరసగా వస్తే "ఈ". ఇక ఇంగ్లీషువాళ్లు తలపట్టుకునే పేర్లన్నీ విప్పుకుంటాయి. ఈఫా, కీవా, షివాన్, సీర్షా. సీర్షా అంటే ఆజాదీ అని అర్థం. ఆడపిల్లకు ఆజాదీ అని పేరు! ఇది పురాతన పేరు కాదు, ఆ దేశం ఇంగ్లండు నుంచి విడిపోయాక, గత శతాబ్దంలో వాడుకలోకి వచ్చింది. ఆ పేరున్న సినిమా నటి సీర్షా రోనన్ అమెరికా టీవీ షోలకు వెళ్లిన ప్రతిసారీ తన పేరు ఎలా పలకాలో నేర్పాల్సి వచ్చేది. నేర్పింది. మార్చుకోలేదు. అచ్చుల మీద గీత ఉంటే మన దీర్ఘం లాంటిదే. కల, కాల ఒకటి కానట్టే గీత ఉన్న షాన్ మనిషి పేరు, గీత తీసేస్తే ఐరిష్‌లో "ముసలి" అని అర్థం.

ఇదంతా కష్టమని ఎవరు అంటున్నారు? కర్నల్ అనే మాటలో లేని "ర" పలికేవాళ్లు, వెన్స్‌డేలో ఉన్న "డ" మింగేసేవాళ్లు, నైఫ్ ముందు కె ఎందుకుందో చెప్పలేనివాళ్లు. వాళ్ల స్పెల్లింగులన్నీ మనం ఆరో ఏట నుంచి బెత్తం దెబ్బలు తిని నేర్చుకున్నాం. ఒక్కరోజైనా "ఇది నోరు తిరగదు, మార్చండి" అన్నామా? నోరు తిరగకపోవడం అనే బీమారీ ఎప్పుడూ కొందరికే వస్తుంది. తాకత్ ఉన్నవాళ్లకే వస్తుంది.

ఐర్లండు తారీఖ్ చూస్తే ఈ బీమారీ ఎంత పాతదో తెలుస్తుంది. 1366లో కిల్కెనీలో చేసిన చట్టాల్లో ఒక హుకుం ఉంది. ఐర్లండులో స్థిరపడ్డ ఇంగ్లీషువాళ్లు ఇంగ్లీషే మాట్లాడాలి, ఇంగ్లీషు పేర్లే పెట్టుకోవాలి, ఐరిష్ తరహా పేర్లు పూర్తిగా వదిలేయాలి అని. అంటే, వచ్చినవాళ్లు ఆ పేర్లు ఇష్టపడి పెట్టుకుంటున్నారన్నమాట, అందుకే ఆపాల్సి వచ్చింది! 1465 నాటికి మాట ఐరిష్ వాళ్ల మీదికే తిరిగింది. డబ్లిన్, మీథ్, లౌత్, కిల్డేర్ ప్రాంతాల్లో ఉండే ఐరిష్ వాళ్లు ఇంగ్లీషు దుస్తులు వేసుకోవాలి, పైపెదవి మీద వెంట్రుకలు గీయించుకోవాలి, ఇంటిపేరు ఇంగ్లీషులో పెట్టుకోవాలి. ఏ పేరు? ఒక ఊరి పేరో, రంగు పేరో, వృత్తి పేరో. వైట్, బ్రౌన్, స్మిత్, కుక్, బట్లర్. మాక్ అంటే మన ఇబ్న్ లాంటిది, ఫలానావాడి కొడుకు అని. కమ్మరి కొడుకు అనే అర్థమున్న మాక్ గవన్‌లు ఎందరో కాలక్రమంలో స్మిత్‌లయ్యారు. తండ్రి పోయాడు, వృత్తి మిగిలింది.

మనిషి పేర్లకు జరిగింది ఇంకా అజీబ్. టైగ్ అనే అబ్బాయి కాగితాల్లో టిమొతి. డీర్మిడ్ అనేవాడు జెరమయా. సైవ్ అనే అమ్మాయి సాలీ. గుబ్నిట్ అనే ముసలావిడ ఆబిగేల్. వీటిలో ఏదీ తర్జుమా కాదు, అర్థాలకు రిష్తా లేదు. ఏదో ఒక అక్షరం కలిసిందనో, రిజిస్టర్ రాసేవాడికి అలవాటైన పేరనో అంటగట్టారు. 1831లో ప్రభుత్వ బడులు మొదలయ్యాయి, చదువంతా ఇంగ్లీషులో. ఐరిష్ మాట్లాడిన పిల్లల మెడలో కర్ర కట్టి, మాటకొక గాటు పెట్టి, సాయంత్రం గాట్లు లెక్కబెట్టి కొట్టేవారు. ఆ కర్ర కట్టడంలో చాలామంది తల్లిదండ్రులు కూడా సాయపడ్డారు. పిల్లల బాగు కోసమే అనుకున్నారు పాపం! 1845 నుంచి వచ్చిన కరువులో దాదాపు 10 లక్షల మంది చనిపోయారు, మరో 10 లక్షల మంది ఓడలెక్కారు. పోయినవాళ్లలో, వెళ్లినవాళ్లలో ఐరిష్ మాట్లాడే పేదలే ఎక్కువ.

డగ్లస్ హైడ్ అనే ఆయన, చర్చి పాస్టరు కొడుకు, 1892లో డబ్లిన్‌లో ఒక ప్రసంగం చేశాడు. భాషతోపాటు పేర్ల గురించీ గట్టిగా మాట్లాడాడు. మంచి ఐరిష్ పేర్లున్నవాళ్లు సిగ్గుపడి ఇంగ్లీషు పేర్ల వెనక దాక్కోవడం ఏమిటని నిలదీశాడు. నాకు నచ్చింది ఇదే. ఆయన సర్కారును తిట్టి ఊరుకోలేదు, తనవాళ్లనే ఖడా చేసి అడిగాడు. మరుసటి ఏడు ఐరిష్ భాష కోసం ఒక సంఘం పుట్టింది, దానికి ఆయనే మొదటి అధ్యక్షుడు. 1938లో ఐర్లండు దేశానికి కూడా మొదటి అధ్యక్షుడయ్యాడు.

ఇక బండి కేసు. ఇది తెలుగులో అందరికీ తెలియాల్సిన కిస్సా. డనిగాల్ జిల్లాలో నీయల్ మాక్ గిల్లా వ్రీజా అని ఒక రైతు, కవి. బండి మీద యజమాని పేరు చదవగలిగే అక్షరాల్లో రాయాలని అప్పటి చట్టం. ఆయన రాశాడు, తన పేరు తన భాషలో, తన లిపిలో. పోలీసు పట్టుకున్నాడు. జుర్మానా పడింది. కేసు డబ్లిన్ పెద్ద కోర్టుకు వెళ్లింది. 1905లో ఆయన తరఫున వాదించిన యువ వకీలు ప్యాట్రిక్ పియర్స్. తర్వాత 1916 తిరుగుబాటుకు నాయకత్వం వహించి కాల్పుల శిక్షకు గురైనవాడు ఈయనే. (పియర్స్ తండ్రి ఇంగ్లండు నుంచి వచ్చిన శిల్పి. జుబాన్ మీద ముహబ్బత్ రక్తంతో రాదు.) వాదన ఓడిపోయింది. తరతరాలుగా ఆ నేల మీద ఉన్న భాషలో రాసిన పేరు, ఆ నేల మీద తిరిగే బండికి చట్టం దృష్టిలో చాలలేదు. అసలు తమాషా వినండి. న్యాయశాస్త్ర పుస్తకాల్లో ఈ కేసు "మెక్‌బ్రైడ్" పేరుతో నమోదైంది. తన పేరు కోసం కోర్టుకెక్కిన మనిషి పేరునే ఇంగ్లీషు చేసి పుస్తకంలో పెట్టారు.

చదవలేకపోయింది పోలీసు. జుర్మానా కట్టింది బండివాడు. నోరు తిరగదు అనే మాటకు ఇంతకంటే మంచి మిసాల్ నా దగ్గర లేదు.

మీరు అనొచ్చు, మేం ఎవరినీ జబర్‌దస్తీ చేయడం లేదు, సలహా ఇస్తున్నాం అని. అమెరికా వలసల గురించి ఒక మాట చాలాకాలంగా చెప్పుకుంటారు, న్యూయార్క్ దగ్గర ఎల్లిస్ ద్వీపంలో గుమాస్తాలు వచ్చినవాళ్ల పేర్లు మార్చేసేవారని. 1892 జనవరి 1న ఆ కేంద్రం తెరిచిన రోజు మొదట దిగింది కూడా కార్క్ జిల్లా నుంచి వచ్చిన అన్నీ మూర్ అనే పిల్ల. కానీ అక్కడి గుమాస్తాలు ఓడ జాబితాలో ఉన్న పేర్లనే చూసి టిక్కు పెట్టేవారు. పేర్లు మార్చుకున్నవాళ్లలో ఎక్కువమంది తర్వాత తమంతట తామే మార్చుకున్నారు, ఉద్యోగం కోసం, పక్కింటివాళ్ల కోసం. ఎవరూ అడగకముందే గుమాస్తా పని మనమే చేసిపెట్టడం! ఇప్పుడు మన పెద్దలు చెప్పే సలహా సరిగ్గా ఇదే.

ఇక్కడ ఒక ఫరఖ్ చెప్పాలి, లేకపోతే నేను ఉచ్చారణ దరోగానని అనుకుంటారు. నాలుక మజ్బూరీ వేరు, కలం జబర్‌దస్తీ వేరు. మన ఊళ్లలో మహబూబ్ మాబు అయ్యాడు, హుసేన్ ఉసేను అయ్యాడు, ఫాతిమా పాతిమా అయింది, ఖాజా కాజా అయ్యాడు. తెలుగు నాలుకకు ఖే, ఫే, జే కష్టం. మా పక్కింటి సుబ్బమ్మగారు నలభై ఏళ్లు మా అమ్మను "పాతిమమ్మా" అనే పిలిచింది. మా అమ్మ పలకని రోజు లేదు. అది ప్రేమలో అరిగిన పేరు, దాన్నెవరు సరిచేస్తారు? రేపు మా ఆపా నీవ్‌ను "నీవమ్మా" అని పిలుస్తుంది, పిలవనివ్వండి.

కలం పని అలా ఉండదు. మా తమ్ముడి పేరు ఖ్వాజా ముయీనుద్దీన్. ఒక బడిలో చేర్చినప్పుడు రాసుకునే ఆయన "ఇంత పేరు గడిలో పట్టదు, రాయడానికీ రాదు" అని తేలిగ్గా "బాషా" అని రాసేశాడు. మా అబ్బాజాన్ అప్పుడు ఊళ్లో లేరు. పదో తరగతి సర్టిఫికెట్లో బాషా, రేషన్ కార్డులో ముయీనుద్దీన్. పాస్‌పోర్టు నాటికి అఫిడవిట్లు, గెజిట్టు, పేపరులో ప్రకటన, ఏడాదిన్నర తిరుగుడు. కష్టం అని ఒకడు రెండు నిమిషాలు మిగుల్చుకున్నాడు, ఆ ఖర్చు ఇంకొకడి మీద పడింది. మన తెలుగు జిల్లాల్లో ఇలా బాషాలైపోయిన ముయీనుద్దీన్‌లు, మస్తాన్‌లైపోయిన ముస్తఫాలు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. అలాంటి ఖాందాన్‌లు ఇవాళ ఇంకొకరి దాదీ పేరు మీద "కష్టం" అని ముద్ర వేస్తున్నాయి.

మా ఫుప్పు అడిగిన ఇంకో సవాల్: "ఇస్లామీ పేరు కాదు కదా?" పేరు అరబీలోనే ఉండాలంటే మన ఇళ్లలో పర్వీన్, నస్రీన్, షిరీన్, ఫిరోజ్ ఎక్కడికి పోవాలి? అవన్నీ ఫార్సీ. చూడాల్సింది అర్థం మంచిదా కాదా అనే. నీవ్ అంటే కాంతి, తళుకు. నూర్ అనండి, మునీరా అనండి, దగ్గర దగ్గర అదే మాట. పాత ఐరిష్ కిస్సాల్లో ఈ పేరుతో ఒక పరీ ఉంది. తెల్లగుర్రం మీద వచ్చి ఉషీన్ అనే వీరుణ్ని ముసలితనం లేని దేశానికి తీసుకెళ్తుంది. అతను అక్కడ కొద్దికాలమే ఉన్నాననుకుని తిరిగొస్తే మూడువందల ఏళ్లు గడిచిపోయి ఉంటాయి. పరీ కిస్సా ఉందని పేరు మానేయాలంటే రుస్తుంలూ సొహ్రాబ్‌లూ జంషీద్‌లూ కూడా మానేయాలి. పైగా అక్కడి పేర్లు మనకు అంత పరాయివా? మనం యహ్యా అనే పైగంబర్‌ను తెలుగు బైబిలు యోహాను అంటుంది, ఐరిష్ వాళ్లు షాన్ అంటారు. మన యాకూబ్ తెలుగులో యాకోబు, ఐర్లండులో షేమస్. ఒకే ఇంటి పిల్లలు, తలా ఒక వీధిలో పెరిగారు.

ఇంకొకటి చెప్తే మీరు నవ్వుకుంటారు. తెలుగుకూ ఇంగ్లీషుకూ పట్టుబడని మన ఖే, గైన్ ధ్వనులు రెండూ ఐరిష్‌లో ఉన్నాయి. అంటే ఖాలిద్‌నీ గఫూర్‌నీ మన సుబ్బమ్మగారి కంటే ఒక మంచి ఐరిష్ మాట్లాడే ముసలాయన సరిగ్గా పలుకుతాడు. అలాంటివాళ్లు తక్కువే మిగిలారు, అది వేరే ఘమ్. 2022 జనగణనలో దాదాపు 18 లక్షల 70 వేల మంది తమకు ఐరిష్ వచ్చని రాశారు గానీ, బడి బయట రోజూ మాట్లాడేవాళ్లు 72 వేల మంది లోపే. భాష నోట్లోంచి జారిపోయినచోట పేర్లలో నిలబడి ఉంది. అందుకే అక్కడి తల్లులు భయం వదిలేశారు. 2021లో ఐర్లండులో ఆడపిల్లలకు ఎక్కువగా పెట్టిన పేరు "ఫియా". చివర పలకని డి, హెచ్ రెండూ ఉన్నాయి, ఎవరూ తీసేయలేదు.

పిల్లకు తక్లీఫ్ ఉండదని నేను అనను. ఉంటుంది. కార్క్‌లో ఉన్నంతకాలం ఏమీ ఉండదు, అక్కడ తరగతికి ఒక నీవ్ ఉన్నా ఆశ్చర్యం లేదు. లండన్ వెళ్తే, హైదరాబాదు వస్తే, విమానాశ్రయంలో, బ్యాంకులో, ఫోనులో "ఎమ్, హెచ్, అవునండీ చివర ఎమ్ హెచ్" అని జిందగీభర్ చెప్పుకోవాలి. మనలో ఖుద్‌సియా, జుల్ఫికార్, గౌసియా అనే పేర్లున్నవాళ్లు విజయవాడలోనే రోజూ ఆ పని చేస్తున్నారు. విసుగే, ఒప్పుకుంటాను. కానీ ఆ విసుగు ఒక్కోసారి అర నిమిషం. పెట్టుకోకుండా వదిలేసిన దాదీ పేరు మళ్లీ రాదు. అడిగినవాడికి ఓపిగ్గా నేర్పితే రెండోసారి సరిగ్గానే పలుకుతాడు. పలకకపోతే మూడోసారి చెప్పండి. మనం చికిత్సకు, చదువుకు, కొలువుకు ఎన్ని పరాయి మాటలు నేర్చుకోలేదు?

కాగితాల సంగతి అడిగారు మా మామూ, అది అసలైన ఫికరే. పాస్‌పోర్టులో యంత్రం చదివే వరసల్లో ఎ నుంచి జెడ్ దాకా ఉత్త అక్షరాలే పడతాయి, దీర్ఘపు గీతలు పట్టవు. ఐర్లండులోనే ఈ గీతల కోసం చాలా గొడవ నడిచింది. ఆసుపత్రి కంప్యూటర్లూ ఆఫీసు కంప్యూటర్లూ గీత తీసేసి రాసేవి. 2021లో భాషా చట్టాన్ని సవరించి, ప్రభుత్వ సంస్థలు ఐరిష్ పేర్లను గీతలతో సహా సరిగ్గా నమోదు చేసుకోవాలని పెట్టారు. మా నీవ్ పేరులో గీత లేదు కాబట్టి ఆమెకు ఆ ముసీబత్ లేదు. ఇంటిపేరులో మాత్రం ఒకటుంది. దానికోసం అర్జీ రాసి పెట్టుకున్నానని అల్లుడు చెప్పాడు.